తిరుపతిలో బాడుగ ఇళ్లు ఇప్పించే పని: టు-లెట్ బోర్డు నుంచి తాళాలు తిరిగిచ్చే పూట దాకా

బాడుగ ఇల్లు ఇప్పించే మనిషికి డబ్బు చేతికొచ్చేది అగ్రిమెంటు రోజు. పేరు నిలుస్తుందా పోతుందా అనేది తేలేది ఆ ఇంటివాళ్లు ఖాళీ చేసే రోజు. అడ్వాన్సు ఎంత తిరిగివ్వాలి, పెయింటింగు ఎవరి ఖర్చు, ఆఖరి కరెంటు బిల్లు ఎవరిది, పగిలిన వాష్‌బేసిన్ ముందే పగిలిందా తర్వాత పగిలిందా, ఈ గొడవలన్నీ ఆ ఒక్క పూటే బయటికొస్తాయి. ఓనరుకూ బాడుగవాళ్లకూ ఆ పూట గుర్తొచ్చే ఫోన్ నంబరు బ్రోకరుదే. అందుకే మొదటి రోజు నుంచి ఆ రోజును కళ్ల ముందు పెట్టుకుని పని చేయాలి.

ముందు మీ వీధులు ఎంచుకోండి

తిరుపతి మొత్తం నాదే అనుకుంటే ఏ వీధీ మీది కాదు. ఒకదాన్నొకటి ఆనుకున్న మూడు నాలుగు కాలనీలు పట్టుకోండి. ఫోన్ వస్తే బండి మీద పావుగంటలో ఇంటి ముందు ఉండాలి.

ఎవరు ఎక్కడ వెతుకుతారో చూసి వీధులు ఎంచుకోవాలి. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రుల చుట్టుపక్కల అడిగేది నర్సులు, పీజీ డాక్టర్లు, చికిత్స కోసం నెలా రెండు నెలలు ఉండాల్సిన రోగుల కుటుంబాలు. కొండ మీద షిఫ్టు డ్యూటీ ఉండే దేవస్థానం ఉద్యోగులకు అలిపిరి, కపిలతీర్థం వైపు కావాలి. బాలాజీ కాలనీ, ఎమ్మార్‌పల్లి వైపు యూనివర్సిటీల పిల్లలు, అధ్యాపకులు. కరకంబాడి రోడ్డు, మంగళం వైపు ఫ్యాక్టరీ ఉద్యోగులు ఎక్కువ. వాళ్లు ఇంటి కన్నా ముందు కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందో అడుగుతారు, ఆ స్టాపు మీకు తెలిసి ఉండాలి. ఏర్పేడులోని ఐఐటీ, ఐసర్‌లలో పనిచేస్తూ పిల్లల చదువు కోసం తిరుపతిలో ఉండేవాళ్లు రేణిగుంట వైపు త్వరగా బయటపడే చోటు చూస్తారు.

సీజన్ కూడా లెక్కలోకి తీసుకోండి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య దాకా ఊపు. ఆషాఢం వస్తే తెలుగు ఇళ్లవాళ్లు ఆగిపోతారు, తమిళ అలవాట్లున్న కుటుంబాలు ఆడి మాసం అయ్యేదాకా, అంటే ఆగస్టు మధ్య దాకా, కదలరు. మళ్లీ డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాకా చప్పుడు ఉండదు. ఇల్లు నచ్చింది గానీ ఆషాఢం అడ్డం వచ్చిందంటే, ముందే ఒక మంచిరోజు చూసి పాలు పొంగించి, సామాన్లు తర్వాత తెచ్చుకుంటారు. అప్పుడు బాడుగ ఏ తేదీ నుంచి లెక్క అనేది ఆ రోజే కాగితం మీద పెట్టాలి. పాలు పొంగించిన రోజు నుంచి అని ఓనరు, సామాన్లు దించిన రోజు నుంచి అని వాళ్లు అనుకుంటారు. ఇరవై రోజుల తేడా అంటే మూడింట రెండొంతుల నెల బాడుగ.

ఓనరుతో మొదటి మాట

టు-లెట్ బోర్డు చూడగానే ఫోటో తీసి గ్రూపులో పడేయకండి. ముందు ఓనరుతో కూర్చోండి. మాట్లాడే మనిషి నిజంగా ఓనరేనా అన్నది మొదటి ప్రశ్న. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి. కొడుకు అమెరికాలో, తాళాలు బావమరిది దగ్గర, బాడుగ తల్లి ఖాతాలోకి అనే ఇళ్లు ఊర్లో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు సంతకం ఎవరు పెడతారు, ఆయనకు ఆ అధికారం రాసిచ్చిన కాగితం ఉందా అని అడగాలి. ఓనరు విదేశాల్లో స్థిరపడ్డ వ్యక్తి అయితే బాడుగ ఎంత తక్కువైనా బాడుగ ఇచ్చేవాళ్లే అందులోంచి ఆదాయపు పన్ను పట్టి కట్టాలి. ఈ సంగతి ముందే చెప్పి ఇద్దరినీ ఆడిటరును కలవమనండి.

ఉద్యోగులు ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు అడిగేది పాత పన్ను విధానంలో. ఏడాది బాడుగ లక్ష దాటితే, అంటే నెలకు 8,333 దాటితే, ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. పాన్ ఇవ్వనని మార్చిలో తగువు పెట్టుకునే ఓనర్లున్నారు. మొదటి రోజే అడిగేసి, ఇవ్వరంటే ఉద్యోగులను ఆ ఇంటికి తీసుకెళ్లకండి.

మాంసం వండుకోవచ్చా, ఎంతమంది ఉండొచ్చు, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు, పెళ్లికాని పిల్లలకు ఇస్తారా, కుక్క ఉంటే ఒప్పుకుంటారా, ఇవన్నీ ఇప్పుడే అడగాలి. కులం అడిగే ఓనర్లు ఉన్నారు. ఆ ప్రశ్న మోసుకుని బాడుగవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఓనరుకు నిజంగా ఇబ్బంది పెట్టేదేమిటో తెలుసుకుని దాన్నే అడగండి. వంటింట్లో మాంసం వద్దంటే అంతవరకు చెప్పొచ్చు. అంతకు మించి మనుషులను జల్లెడ పట్టడం మన పని కాదు, అలాంటి ఇల్లు ఒకటి వదులుకున్నా నష్టం లేదు.

ఇంటిని మీరే ముందు చూడండి

ఒంటరిగా వెళ్లండి, గంటసేపు ఉండండి. మొదట చూడాల్సింది నీళ్లు.

"నీళ్లకేం ఢోకా లేదన్నా" అనే మాట ప్రతి ఓనరూ చెబుతాడు. ఆ మాట విని ఊరుకోకండి. మునిసిపాలిటీ కొళాయి ఉందా, ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఏ వేళకు, ఎంతసేపు? బోరు ఒక్క ఇంటికా, మిద్దె మొత్తానికా? సంపులో మునిసిపాలిటీ నీళ్లూ బోరు నీళ్లూ కలుస్తాయా? మోటారు స్విచ్ ఎవరి ఇంట్లో ఉంది? కింది పోర్షన్‌లో స్విచ్ ఉండి, వాళ్లు ఊరెళ్తే పైవాళ్లకు నీళ్లుండవు. బాత్రూములో కొళాయి మూతి దగ్గర వేలు పెట్టి గీరండి. తెల్లని పొర గట్టిగా కట్టి ఉంటే నీళ్లలో ఉప్పు ఎక్కువ, గీజరు రాడ్డు, వాషింగ్ మెషీను త్వరగా పాడవుతాయి. ఆ పొరను బాడుగవాళ్లు వచ్చాక చూసి కోప్పడేకన్నా మీరే ముందు చూపించడం నయం.

తర్వాత కరెంటు మీటరు. ఇంట్లోని మెయిన్ ఆఫ్ చేసి బయట మీటరు దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. చిన్న ఎర్ర లైటు ఇంకా మినుకుతుంటే ఆ మీటరు మీద ఇంకెవరిదో వాడకం ఉంది. మెట్ల లైటో, బోరు మోటారో, వెనకింటి గదో. ఇది తేలకుండా ఇల్లు ఇప్పిస్తే నెల తిరక్కుండానే బిల్లు పట్టుకుని వస్తారు. రెండు పోర్షన్లకు ఒకటే మీటరైతే ఇంకో ఇబ్బంది ఉంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది. ఇద్దరూ చెరి 150 యూనిట్లు కాల్చినా మీటరు మీద 300 కనిపిస్తుంది, పై శ్లాబు ధర ఇద్దరి మీదా పడుతుంది. సబ్ మీటరు పెట్టినా యూనిట్లు పంచుకోవడానికే పనికొస్తుంది, శ్లాబు తగ్గదు. వేరే సర్వీసు తీసుకోమని ఓనరుకు చెప్పండి. కుదరకపోతే లెక్క ఎలా పంచుతారో రాయించండి. సర్వీసు నంబరు రాసుకుని పాత బాకీ ఉందేమో చూడటం మరవొద్దు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో చూసిన ఇల్లు నవంబరులో ఎలా ఉంటుందో మే నెల చెప్పదు, గోడలు చెబుతాయి. నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో రంగు మారిన గీత, తలుపు చెక్క కింది భాగం ఉబ్బడం, స్విచ్ బోర్డులన్నీ ఈమధ్యే పైకి జరిపినట్టుండడం నీళ్లు వచ్చిన గుర్తులు. 2021 నవంబరు వానల్లో శ్రీకృష్ణా నగర్‌లో నేలలోని సిమెంటు వరల సంపు పైకి లేచి నిలబడింది, ఊరంతా చూసింది. భూమిలో ఊట ఎంత ఎక్కుతుందో దాన్నిబట్టి అర్థం చేసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయితే వీధి మొదట్లోని కిరాణా కొట్టువాళ్లను అడగండి: "ఆ వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినాయన్నా?" వాళ్లు చెయ్యెత్తి చూపిస్తారు.

పై అంతస్తుకు తిప్పలు వేరు. ఎండాకాలంలో స్లాబు వేడి రాత్రి పదకొండు దాకా దిగదు, వానాకాలంలో సీలింగు మూలల్లో చెమ్మ. కొండ కింది కాలనీల్లో కోతులు వంటింటి దాకా వస్తాయి, కిటికీలకు ఇనుప మెష్ ఉందో లేదో చూడండి. లిఫ్టుకు బ్యాకప్ ఉందా, కారు పార్కింగు రాసిచ్చిందా మాట మీదదా, అపార్టుమెంటు మెయింటెనెన్సు ఎంత, అది బాడుగలో కలిసిందా విడిగానా అనేవి అడిగి రాసుకుంటే చాలు.

బాడుగకొచ్చేవాళ్లు

వాళ్లను అడగాల్సినవి తక్కువే: ఎంతమంది, ఎక్కడ పని, ఎప్పటిలోగా, ఎంతలో, బండ్లు ఎన్ని, ఎన్నాళ్లు ఉంటారు. ఆధార్ తీసుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ అడగండి. జిరాక్స్ అయితే దాని మీద అడ్డంగా "బాడుగ అగ్రిమెంటు కోసం" అని, తేదీ వేయించండి. పోలీసులు కార్డన్ సెర్చ్‌కు, అంటే కాలనీని చుట్టుముట్టి చేసే సోదాకు, వస్తే ఓనరు దగ్గర ఆ కాగితం ఉండాలి. విదేశీయులకు ఇల్లిస్తే వాళ్లు వచ్చిన 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు పంపే బాధ్యత ఇల్లిచ్చినవాళ్లది.

రోగుల కుటుంబాలకు నెలా రెండు నెలలకే కావాలి. వాళ్లకు పదకొండు నెలల షరతులు పెట్టకండి. తక్కువ కాలానికి ఇచ్చే ఓనర్ల పట్టిక విడిగా ఉంచుకోండి, లిఫ్టు ఉన్నవో గ్రౌండ్ ఫ్లోర్‌వో అయి ఉండాలి, బాత్రూములో కమోడ్ ఉండాలి. కష్టంలో వచ్చినవాళ్ల దగ్గర నెల ఉండటానికి పూర్తి నెల కమీషన్ తీసుకోవడం న్యాయం కాదు.

చూపించేటప్పుడు పూటకు మూడు ఇళ్లు చాలు. నాలుగోదానికి మొదటిది మరిచిపోతారు. ఇంటి లోపాన్ని గుమ్మంలోనే చెప్పేయండి. "ఈ ఇంట్లో మధ్యాహ్నం హాల్లోకి ఎండ కొడుతుంది, బోరు నీళ్లు ఉప్పు, మిగతాదంతా బాగుంది" అంటే మిగతా మాటలన్నీ నమ్ముతారు. ఒకసారి పగలు చూసినవాళ్లను సాయంత్రం ఏడు తర్వాత మళ్లీ రమ్మనండి. పక్కన కళ్యాణ మండపం ఉంటే అప్పుడే తెలుస్తుంది.

ఇల్లు చూపించకుండా ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకండి. ఓనర్లకు ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. సైన్యంలో ఉన్నాను, తిరుపతికి బదిలీ అయింది, అడ్వాన్సు పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఫోన్ వస్తే అది మోసం. డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఉండదు.

ఇల్లు నచ్చితే టోకెను. చిన్న మొత్తం చాలు, కానీ రసీదు తప్పనిసరి. ఎన్ని రోజులు ఇల్లు ఆపుతారు, వాళ్లు వెనక్కి తగ్గితే ఎంత తిరిగొస్తుంది, ఓనరు వెనక్కి తగ్గితే ఏమిటి, ఈ మూడు ముక్కలు అందులో ఉండాలి. టోకెను ఓనరు చేతికే వెళ్లాలి, మీ జేబులో ఉండకూడదు.

అగ్రిమెంటు

పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అడిగితే చెప్పగలగాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంది, మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ తర్వాత ఏ గడువు లీజైనా రిజిస్టరు కావాలి. ఆ పాత ఏడాది హద్దు చూసుకుని, ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి పదకొండు రాయడం అలవాటుగా నిలిచింది. గడువు అయిపోయాక కొత్తది రాయకుండా బాడుగ తీసుకుంటూ పోతే అది నెలనెలా సాగే బాడుగ కిందికి వస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు అలాంటిదాన్ని ముగించడానికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 106వ సెక్షన్ చెప్పే గడువు 15 రోజుల నోటీసు. పిల్లలతో ఉండే కుటుంబానికి 15 రోజులు ఏ మూలకూ చాలవు. అందుకే నోటీసు గడువు నెల అయినా రెండు నెలలైనా అంకెతో రాయించండి, ఇద్దరికీ ఒకటే గడువు ఉండాలి.

కాగితంలో బాడుగ, కట్టే తేదీ, అడ్వాన్సు అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఏటా పెంచే శాతం, మెయింటెనెన్సు ఎవరిది అన్నవి అందరూ రాస్తారు. తగువులు వచ్చేది రాయనివాటి దగ్గరే.

పెయింటింగు మొదటిది. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు వేయించాలి" అని ఒక్క ముక్క రాస్తే దాని అర్థం ఇద్దరికీ రెండు రకాలు. ఇంత మొత్తం అని అంకె వేయండి. ఏడాదిలోపు ఖాళీ చేసి, గోడలు శుభ్రంగా ఉంటే పట్టకూడదు అని కూడా వేయించగలిగితే మంచిది. వాడకంతో మాసిన రంగుకు ఏడాదికే నెల బాడుగ కోయడం ఎక్కువ.

రెండోది చుట్టాలు. ఇది తిరుపతికే ప్రత్యేకం. ఇక్కడ ఇల్లు తీసుకున్న కుటుంబానికి దర్శనం టికెట్లు చేతిలో పట్టుకుని బంధువులు వస్తూనే ఉంటారు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు అయితే చెప్పనక్కర్లేదు. నలుగురి ఇంట్లో పదిమంది, తెల్లవారుజామున మూడింటికి స్నానాలు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ, పైవాళ్లతో గొడవ. చుట్టాలు రాకూడదని ఏ ఓనరూ రాయించలేడు, రాయించకూడదు కూడా. ఒకేసారి ఎంతమంది, ఎన్ని రాత్రులు, అదనపు నీళ్ల ట్యాంకరు తెప్పిస్తే ఎవరి ఖర్చు, ఇంతవరకు రాస్తే చాలు. డబ్బు తీసుకుని యాత్రికులకు రోజువారీగా గది ఇవ్వకూడదన్నది మాత్రం వేరే వాక్యంగా, స్పష్టంగా ఉండాలి. తీసుకున్న ఇంటిని ఇలా తిప్పే ఆలోచన ఉన్నవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగిపోతారు. మీకూ విషయం తెలుస్తుంది.

చిన్న రిపేర్ల హద్దు మూడోది. ట్యాపు వాషరు, బల్బు, ఫ్యూజు బాడుగవాళ్లవి. మోటారు, పైపు లీకు, స్లాబు చెమ్మ ఓనరువి. మధ్యలో ఉన్నవాటికి ఒక మొత్తం పెట్టి, అంతలోపు వీళ్లు, దాటితే వాళ్లు అని రాయండి.

అడ్వాన్సు విషయంలో ఓనరును బట్టి మాట మారుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలలకు మించొద్దంటుంది. అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా. బేరం ఆడేటప్పుడు మాత్రం ఆ అంకె పనికొస్తుంది. ఎంతైనా సరే బ్యాంకు ద్వారానే వెళ్లాలి.

భోగ్యం అడిగితే

నెల బాడుగ లేకుండా పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి తీసుకునే భోగ్యం మన జిల్లాల్లో పాతది. ఇందులో పోయేది బాడుగవాళ్ల జీవితకాలం పొదుపు కాబట్టి జాగ్రత్త రెట్టింపు ఉండాలి. ఆస్తి బదలాయింపు చట్టం 59వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపై మొత్తానికి పెట్టే తాకట్టుకు (భోగ్యమూ తాకట్టే) రిజిస్టరైన, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టిన దస్తావేజు కావాలి. పత్రాలు దాఖలు చేసి పెట్టే తాకట్టు ఒక్కటే దీనికి మినహాయింపు. ఇల్లు స్వాధీనం చేసుకుని భోగ్యానికి ఉండేవాళ్లకు అది వర్తించదు. లక్షలు పోసి వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు చేసుకుంటే రేపు చేతిలో మిగిలేది బలహీనమైన కాగితం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం, తీయించండి, లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు, ఒరిజినల్ చూపించమనండి. ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయంటే ఇంటి మీద అప్పుంది. ఓనరు వాయిదాలు కట్టకపోతే బ్యాంకు వచ్చి ఇంటికి తాళం వేస్తుంది, భోగ్యం డబ్బు ఓనరు ఎప్పుడో ఖర్చు పెట్టేసి ఉంటాడు. ఓనరు రిజిస్ట్రేషన్ వద్దంటే ఆ బేరం మీరు కుదర్చకండి, కమీషన్ ఎంతొచ్చినా.

కమీషన్

మొదటి ఫోన్‌లోనే చెప్పండి: నెల బాడుగా, సగమా, ఒకరి దగ్గరా ఇద్దరి దగ్గరా. ఇద్దరి దగ్గరా తీసుకుంటే ఇద్దరికీ తెలిసి తీసుకోవాలి. అగ్రిమెంటు మీద సంతకాలు అయ్యాకే తీసుకుని రసీదు ఇవ్వండి. ఇల్లు చూపించినందుకు విడిగా వసూలు చేయడం మానుకుంటే మేలు, దాంతో వచ్చేదానికన్నా పోయే నమ్మకం ఎక్కువ. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఏజెంటు రిజిస్ట్రేషన్ అమ్మకాలకు, బాడుగలకు కాదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చూసుకోవాలి.

తాళాలిచ్చే రోజు

ఓనరు, బాడుగవాళ్లు, మీరు ముగ్గురూ ఇంట్లో ఉండాలి. మీటరు రీడింగు ఫోటో. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు, ఏసీ, షెల్ఫ్ అద్దాలు, తాళం చెవులు ఎన్ని అని జాబితా. ముందే ఉన్న పగుళ్లు, మరకలు దగ్గరగా ఫోటోలు. గుమ్మం నుంచి మొదలుపెట్టి అన్ని గదులూ, బాత్రూముల్లో కొళాయిలు తిప్పుతూ ఒకే వీడియో తీసి ఇద్దరికీ ఒకే సందేశంగా పంపండి. పది నిమిషాల పని. ఏడాది తర్వాత గంటల తగువు దీంతోనే తీరుతుంది.

ఖాళీ చేసే రోజు

నోటీసు ఇచ్చిన రోజే ఇద్దరికీ అగ్రిమెంటు కాపీ, ఆ వీడియో మళ్లీ పంపండి. సామాన్లు, బోకులు లారీ ఎక్కకముందే ఇంట్లో లెక్క చేయాలి. ఎక్కాక మనుషులకు ఓపిక ఉండదు. బాడుగ 12,000, అడ్వాన్సు 36,000 అనుకుందాం. 18వ తేదీన ఖాళీ చేస్తే 18 రోజుల బాడుగ 7,200. రీడింగు ప్రకారం రావాల్సిన కరెంటు 1,150. కాగితంలో రాసిన పెయింటింగు 4,000. పగిలిన స్విచ్ బోర్డు 450. మొత్తం 12,800. తిరిగివ్వాల్సింది 23,200. ఈ లెక్కంతా ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించి, డబ్బు ఖాతాలో పడ్డ సందేశం వచ్చాకే తాళాలు ఇప్పించండి.

కొత్తవాళ్లు వస్తేనే అడ్వాన్సు ఇస్తానని కొందరు ఓనర్లు అంటారు. అగ్రిమెంటు రోజే "తాళాలిచ్చిన పూటే అడ్వాన్సు" అని రాయించి ఉంటే ఆ మాట చెల్లదు. రాయించడం మరిచిపోయి ఉంటే ఓనరుతో మాట్లాడి డబ్బు ఇప్పించే పూచీ మీదే, ఆ కుటుంబం మీ మాట మీదే ఆ ఇంట్లో దిగింది.

ఇల్లు ఖాళీగా ఉన్న ఆ గంటలోనే మళ్లీ కొళాయిలు తిప్పి, మెయిన్ ఆపి మీటరు చూసి, గోడల అడుగు భాగం ఫోటోలు తీసుకుని రండి. సామాన్లు లేని ఇల్లు మీకు అంత స్పష్టంగా మళ్లీ దొరకదు, సాయంత్రానికి ఇంకో ఫోన్ వస్తుంది.